గంజాయి కేసు పడితే మొదటి రోజు ఏం చేయాలి? ఉచిత లాయరు ఎలా దొరుకుతాడు?

ఉచిత న్యాయ సహాయ పథకం – అవగాహన సదస్సు ప్రసంగ పాఠం
కూచిపూడి, మొవ్వ మండలం, కృష్ణా జిల్లా



నేను లాయర్ని కాదు. న్యాయ సేవల సంస్థ తరఫున ఊళ్లలో తిరిగి, చట్టం గురించి తెలిసింది చెప్పి, అవసరమైనవాళ్లని లాయరు దగ్గరికి చేర్చే పారా లీగల్ వాలంటీర్ని. ఈ మాటలన్నీ తర్వాత మీ ఫోన్లకి పీడీఎఫ్‌గా వస్తాయి. చదవడం రానివాళ్లకి ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. పిల్లలు చదివితే మరీ మంచిది, ఎందుకంటే ఈ సంగతి వాళ్ల గురించే.

కూచిపూడి అనగానే దేశమంతటికీ నాట్యం గుర్తొస్తుంది. అంత పేరున్న ఊళ్లో గంజాయి మాట ఎందుకు అని మీరు అనుకోవచ్చు. మన పిల్లలు చదువుకి విజయవాడ వెళ్తున్నారు, పనికి హైదరాబాదు వెళ్తున్నారు. హాస్టల్లో, రూముల్లో, బస్టాండు వెనక ఎవరో చేతిలో పెడతారు. ఒకసారి అంటారు, సరదాకి అంటారు. ఈ సరుకు ఎక్కువగా ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల వైపు నుంచి దిగుతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు ఒక్కసారే సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. అంత పెద్ద వ్యాపారంలో చివర్న దొరికిపోయేది మాత్రం జేబులో చిన్న పొట్లం పెట్టుకున్న కుర్రాడే.

గంజాయి తాగమని గానీ, తాగినా ఏం కాదని గానీ నేను చెప్పడం లేదు. అది నేరం, ఆరోగ్యానికి చేటు. పొరపాటు చేసిన పిల్లాడు, భయంతో కుటుంబం చేసే ఇంకో పొరపాటు వల్ల జీవితం పోగొట్టుకోకూడదు. అది చెప్పడానికే వచ్చాను.

రాత్రి పదింటికి ఫోన్ వస్తే

ఒక అమ్మ ఉందనుకుందాం. కూలి పని చేసుకుంటుంది. కొడుక్కి ఇరవై ఏళ్లు, విజయవాడలో డిగ్రీ. రాత్రి పదింటికి వాడి స్నేహితుడు ఫోన్ చేసి, “ఆంటీ, వాణ్ని పోలీసులు తీసుకెళ్లారు, గంజాయి దొరికిందంట” అన్నాడు.

ఆవిడ ఏం చేస్తుంది? ముందు ఏడుస్తుంది. తర్వాత ఎవరో పెద్దమనిషి దగ్గరికి పరిగెడుతుంది. ఆయన ఇంకెవరికో ఫోన్ చేస్తాడు. “యాభై వేలు సర్దితే కేసు లేకుండా చేస్తాం” అంటారు. పుస్తెలతాడు తాకట్టుకి వెళ్తుంది. డబ్బు పోతుంది, కేసు అలాగే ఉంటుంది. కోర్టులో ఎవరో “ఒప్పేసుకో, ఫైన్ కట్టి ఇంటికి పోవచ్చు” అంటే వాడు తలాడించేస్తాడు. రెండేళ్ల తర్వాత ఉద్యోగం వచ్చి పోలీసు వెరిఫికేషన్ జరిగినప్పుడు తెలుస్తుంది, ఆ రోజు తలాడించడం అంటే ఏమిటో.

మధ్యలో వచ్చిన పెద్దమనుషులకీ, బ్రోకర్లకీ కేసు తీసేసే అధికారం చట్టంలో లేదు. లంచం ఇవ్వడం ఇంకో నేరం కూడా. “లోక్ అదాలత్‌లో రాజీ చేయిస్తాం” అన్నా నమ్మకండి. గంజాయి కేసు రాజీ పడే కేసు కాదు. రాజీకి వీల్లేని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకే రావు.

మరి ఆవిడ చేయాల్సిందేమిటి? 15100 కి ఫోన్ చేయాలి. అది జాతీయ న్యాయ సేవల సంస్థ నంబరు. అక్కడి నుంచి లాయరు సాయం మొదలవుతుంది. ఆ సాయానికి డబ్బు కట్టక్కర్లేదు.

బరువే అసలు సంగతి

గంజాయి కేసులు 1985లో వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం కింద పెడతారు. పేపర్లో ఎన్‌డీపీఎస్ చట్టం అని రాసేది దీన్నే. ఈ చట్టంలో శిక్ష దొరికిన సరుకు బరువుని బట్టి ఉంటుంది.

గంజాయి వెయ్యి గ్రాముల కంటే తక్కువైతే దాన్ని చిన్న పరిమాణం అంటారు. దీనికి 20వ సెక్షన్ కింద గరిష్ఠంగా ఏడాది కఠిన జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. 2014 ముందు ఇది ఆరు నెలలే ఉండేది, సవరణతో ఏడాది చేశారు.

కిలో నుంచి 20 కిలోల వరకు అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు మించితే దాన్ని వ్యాపార పరిమాణం అంటారు. దానికి పదేళ్లకి తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు జైలు, లక్షకి తగ్గకుండా రెండు లక్షల వరకు జరిమానా. వెనక నుంచున్న తమ్ముళ్లు ఇది బాగా వినండి. “ఈ బ్యాగు విజయవాడలో దింపు, నాలుగు వేలు ఇస్తాం” అని ఎవరన్నా అంటే, ఆ బ్యాగులో ఉండేది మీ పదేళ్లు.

చరస్ లెక్క వేరు. దానికి చిన్న పరిమాణం వంద గ్రాముల లోపే. గంజాయి లెక్కే అనుకుని మోసపోకండి.

తాగుతూ దొరికితే 27వ సెక్షన్. గంజాయి విషయంలో దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇంకో సంగతి. చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉండే కొసలు. కొసలు లేకుండా ఉత్త ఆకులు, గింజలు మాత్రమే అయితే అది గంజాయి నిర్వచనంలోకి రాదు. అందుకని పట్టుకున్నది ఏమిటి, ఎంత తూగింది, ఎవరి ముందు తూచారు, ల్యాబు రిపోర్టులో ఏం రాసింది అన్నవన్నీ లాయరు చూడాల్సినవే. 900 గ్రాములకీ 1,100 గ్రాములకీ మధ్య తేడా రెండు వందల గ్రాములే. శిక్షలో తేడా మాత్రం ఏడాదికీ పదేళ్లకీ మధ్య ఉన్నంత.

సోదా చేసేటప్పుడు, పట్టుకున్నప్పుడు

పోలీసులతో గొడవ పడొద్దు, పారిపోవద్దు, చేతిలోది విసిరేయొద్దు. మర్యాదగా ఉంటూనే మన హక్కు మనం అడగొచ్చు.

ఒంటి మీద సోదా చేసే ముందు, “దగ్గర్లోని గెజిటెడ్ అధికారి ముందు గానీ మెజిస్ట్రేటు ముందు గానీ సోదా చేయించుకునే హక్కు మీకుంది” అని అధికారి చెప్పాలి. ఇది 50వ సెక్షన్. ఈ హక్కు చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో, మళ్లీ 2010లో విజయ్‌సింగ్ జడేజా కేసులో చెప్పింది. అయితే ఇది ఒంటి సోదాకే. చేతిలో సంచి, బండి డిక్కీ సోదాకి ఈ సెక్షన్ వర్తించదు. ఆడవాళ్లని ఆడవాళ్లే సోదా చేయాలి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. వీడియో ఉందా లేదా అన్నది తర్వాత కోర్టులో పనికొచ్చే ప్రశ్న.

అక్కడ రాసే కాగితాన్ని పంచనామా అంటారు, మన వైపు మధ్యవర్తుల నివేదిక అని కూడా అంటారు. దాంట్లో బరువు, టైము, చోటు రాస్తారు. చదవకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద అసలు పెట్టొద్దు. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి.

అరెస్టు చేస్తే ఎందుకు చేశారో చెప్పాలి. కారణాలు రాసి ఇమ్మని, మనకి అర్థమయ్యే భాషలో ఇమ్మని అడగండి. ఇంట్లోవాళ్లకి గానీ స్నేహితుడికి గానీ కబురు చెప్పాలి. విచారణ జరిగేటప్పుడు లాయర్ని కలిసే హక్కు ఉంది. వైద్య పరీక్ష చేయించాలి. ప్రయాణానికి పట్టే టైము తీసేసి 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చిన హక్కు. మామూలు పరిస్థితుల్లో ఆడవాళ్లని పొద్దు పోయాక, తెల్లారకముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మెజిస్ట్రేటు దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఇంకో మాట. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు. అవసరం ఏమిటో పోలీసులు రాసుకోవాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి రమ్మనొచ్చు. నోటీసు ఇస్తే చెప్పిన రోజున తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే అదే అరెస్టుకి కారణమవుతుంది.

“మొత్తం ఒప్పేసుకున్నాడు” అని స్టేషన్లో రాసినంత మాత్రాన అయిపోలేదు. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. మాదక ద్రవ్యాల అధికారుల ముందు ఇచ్చే 67వ సెక్షన్ వాంగ్మూలాలు కూడా ఒప్పుకోలుగా చెల్లవని సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 29న తూఫాన్ సింగ్ కేసులో తేల్చింది. “ఫలానావాడు నా పేరు చెప్పాడంట” అని వణికిపోయేవాళ్లు ఈ సంగతి లాయరుతో మాట్లాడండి.

బెయిలు

గంజాయి కేసు అంటే బెయిలే రాదు అని మన ఊళ్లలో ఒక మాట ఉంది. అది పెద్ద కేసుల సంగతి. 37వ సెక్షన్లో ఉన్న కఠినమైన బెయిలు షరతులు వ్యాపార పరిమాణం కేసులకీ, ఇంకొన్ని పెద్ద నేరాలకీ. కిలో లోపు కేసుకి ఆ షరతులు వర్తించవు.

చిన్న పరిమాణం కేసులో బెయిలు హక్కుగా ఇవ్వాలా, జడ్జిగారు ఆలోచించి ఇవ్వాలా అన్న దాని మీద హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. బొంబాయి హైకోర్టే 2010లో ఒకలా, 2020లో ఇంకోలా చెప్పింది. మీ లాయరు రెండు వైపులా వాదించగలడు. హక్కుగా అడుగుతాడు, కాదంటే మామూలు బెయిలు పిటిషన్ వేస్తాడు. అందుకనే మొదటి రోజు, రిమాండు రోజునే లాయరు పక్కన ఉండాలి.

బెయిలు వచ్చినా ష్యూరిటీలు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఉంటారు. పేదవాళ్లని ఎక్కువ మొత్తాలు, ఊరివాళ్ల జామీనులే కావాలని ఇబ్బంది పెట్టకూడదని సుప్రీంకోర్టు 1978లోనే మోతీరాం కేసులో చెప్పింది. జామీను తేలేకపోతే షరతు తగ్గించమని కోర్టుని అడగొచ్చు. ఆ పిటిషన్ కూడా ఉచిత లాయరే వేస్తాడు.

ఇంకో రెండు లెక్కలు గుర్తుపెట్టుకోండి. చిన్న పరిమాణం కేసులో, మనిషి లోపల ఉన్నప్పుడు 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. అడగాలి, దానంతటది రాదు. రెండోది, మొదటిసారి కేసులో పడినవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే వదలాలి. మీద ఇంకో కేసు ఉండకూడదు. ఏడాది శిక్ష కేసుకి మూడో వంతు అంటే నాలుగు నెలలు.

కోర్టులో ఉన్న దారులు

బెయిలు వచ్చాక కేసు నడుస్తుంది. చిన్న పరిమాణం కేసు మెజిస్ట్రేటు కోర్టులో, త్వరగా తేల్చే సంక్షిప్త విచారణ పద్ధతిలో కూడా జరగొచ్చు. అప్పుడు మీ ముందు ఉండే దారులు నాలుగు.

మొదటిది, కేసుని ఎదుర్కోవడం. సోదా పద్ధతిగా జరిగిందా, బరువు సరిగా తూచారా, సరుకు మెజిస్ట్రేటు ముందు శాంపిల్ తీసి ల్యాబుకి పంపారా, మధ్యవర్తులు నిజంగా అక్కడ ఉన్నారా. ఇవన్నీ లాయరు ప్రశ్నిస్తాడు. కేసులో పస లేకపోతే విచారణ కంటే ముందే వదిలేయమని అడగొచ్చు. మరీ అన్యాయంగా ఇరికించారనుకుంటే అమరావతిలోని హైకోర్టులో కేసు కొట్టేయమని పిటిషన్ వేయొచ్చు. మూటలో ఏముందో తెలియని ఆటో డ్రైవరు, రూమ్‌మేటు సంచిలో దొరికినందుకు అరెస్టయిన కుర్రాడు వెళ్లాల్సిన దారి ఇదే.

రెండోది, చికిత్స దారి. దీని గురించి చాలామందికి తెలియదు. గంజాయికి బానిసైపోయిన మనిషి, తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో గానీ మాన్పించే చికిత్సకి చేరితే, చిన్న పరిమాణం కేసులోనూ తాగిన కేసులోనూ అతని మీద ప్రాసిక్యూషన్ నడవకుండా 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. షరతులు గట్టివి. నిజంగా అలవాటు ముదిరిందని వైద్యులు చెప్పాలి. చికిత్స మధ్యలో మానేస్తే రక్షణ తీసేయొచ్చు. ఒక్కసారి సరదాకి తాగినవాడు బానిస కాదు, అబద్ధం కాగితాలు పుట్టించొద్దు. కానీ పిల్లాడు నిజంగా దానిలో కూరుకుపోయి ఉంటే, ఈ సెక్షన్ వాడికి కేసునీ అలవాటునీ రెండింటినీ వదిలించే దారి.

మూడోది, శిక్ష బదులు చికిత్స. నేరం రుజువైందని కోర్టు తేల్చాక కూడా, బానిసైన మనిషి విషయంలో వయసు, నడత, ఆరోగ్యం చూసి, అతను ఒప్పుకుంటే, జైలుకి పంపకుండా బాండు రాయించుకుని ఆసుపత్రికి పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకి ఇచ్చింది. ఏడాది లోపు చికిత్స రిపోర్టుతో మళ్లీ కోర్టుకి రావాలి. రిపోర్టు బాగుంటే మందలించి, మూడేళ్ల వరకు మళ్లీ ఈ నేరం చేయనని బాండు తీసుకుని వదలొచ్చు. దీన్ని కోర్టు దృష్టికి తెచ్చేది లాయరే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు చిన్న నేరాల్లో మంచి నడవడిక చూసి వదిలే ప్రొబేషన్ ఉంటుంది కదా, గంజాయి దగ్గర ఉంచుకున్న కేసులో 18 ఏళ్లు నిండినవాళ్లకి ఆ దారిని 33వ సెక్షన్ మూసేసింది. తాగిన కేసు అయితే, అంటే 27వ సెక్షన్ అయితే, ఆ దారి తెరిచే ఉంది. అందుకని ఛార్జిషీటులో ఏ సెక్షన్ రాశారో చూడకుండా ఏ మాటా ఇవ్వకండి.

నాలుగోది, నేరం ఒప్పుకోవడం. ఇది తప్పు దారి అనను. కొన్ని కేసుల్లో అదే మేలని లాయరు చెప్పొచ్చు. కానీ అది ఆఖరున ఆలోచించాల్సింది, మొదటి రోజు హడావుడిలో చేయాల్సింది కాదు. ఒప్పుకుంటే నేరం రుజువైనట్టు రికార్డులో ఉండిపోతుంది. మళ్లీ ఇలాంటి కేసే పడితే 31వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఫైను వెయ్యి కట్టామా, రెండు వేలు కట్టామా అన్నది కాదు లెక్క, కాగితం మీద ఏం రాశారన్నది లెక్క.

పిల్లాడికి 18 నిండకపోతే

ఇది వేరే చట్టం, 2015 నాటి బాలల న్యాయ చట్టం. 18 లోపు పిల్లల్ని పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. కేసు బాలల న్యాయ మండలి ముందుకి వెళ్తుంది. ఇది చిన్న నేరాల కోవలోకి వస్తుంది. విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఇంకో రెండు నెలల్లో తేలకపోతే ముగించేయాలి. ఈ నేరం పిల్లాడి చదువుకీ ఉద్యోగానికీ అనర్హత కాకూడదని కూడా చట్టం చెప్పింది. కాబట్టి పుట్టిన తేదీ సర్టిఫికెట్టో, పదో తరగతి మార్కుల కాగితమో వెంటనే తీసుకెళ్లండి. వయసు చెప్పకపోతే పెద్దవాళ్లతో కలిపి పంపేసే ప్రమాదం ఉంది.

ఉచిత లాయరు ఎవరికి?

ఇక అసలు పథకం. 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చేశారు. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఏటా నవంబరు 9న న్యాయ సేవల దినం జరిపేది అందుకే. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఈ కిందివాళ్లకి ఉచితంగా లాయరు దొరుకుతాడు:

– ఎస్సీ, ఎస్టీలు
– ఆడవాళ్లు, పిల్లలు. వీళ్ల ఆదాయం చూడరు
– వికలాంగులు
– పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు
– మనుషుల అక్రమ రవాణాకి బలైనవాళ్లు, వరదలు, తుపాన్ల వంటి విపత్తుల్లో నష్టపోయినవాళ్లు
– కస్టడీలో ఉన్నవాళ్లు ఎవరైనా సరే
– ఇంకెవరైనా, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది ఆదాయం మూడు లక్షల లోపు ఉంటే

“కస్టడీలో ఉన్నవాళ్లు ఎవరైనా” అన్న మాట రెండోసారి చదవండి. అరెస్టయి లోపల ఉన్న కుర్రాడు ఏ కులమైనా, ఎంత ఆదాయమైనా, ఉచిత లాయరు అడిగే హక్కు అతనికి ఉంది. మెజిస్ట్రేటు ముందు నుంచున్నప్పుడు “నాకు లాయరు లేడండి, ప్రభుత్వం తరఫున ఇప్పించండి” అంటే చాలు. ఈ హక్కు ఉందని నిందితుడికి మెజిస్ట్రేటే చెప్పాలని సుప్రీంకోర్టు ఖత్రీ కేసులో అంది. ఆ హక్కు అడగకపోయినా పోదని 1986లో సుఖ్‌దాస్ కేసులో అంది.

ఎక్కడికి వెళ్లాలి? మనకి జిల్లా న్యాయ సేవల సంస్థ మచిలీపట్నం జిల్లా కోర్టు ఆవరణలో ఉంది. కేసు విజయవాడలో పడితే అక్కడి కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయ సేవల కమిటీలో అడగండి. దూరం వెళ్లలేకపోతే ముందు 15100.

ఏం తీసుకెళ్లాలి? ఒక తెల్ల కాగితం మీద పేరు, ఊరు, కేసు ఏ స్టేషన్లో ఉందో, ఏం సాయం కావాలో రాయండి. రాయడం రాకపోతే అక్కడివాళ్లే రాస్తారు. ఆధార్, కుల ధ్రువపత్రమో ఆదాయ ధ్రువపత్రమో ఉంటే జత చేయండి. ఆదాయ పత్రం ఇంకా చేతికి రాలేదంటే ఆగిపోకండి. ఆదాయం ఇంత అని ప్రమాణ పత్రం ఇస్తే సరిపోతుందని చట్టంలోనే ఉంది.

లాయరు ఫీజు, కోర్టు ఫీజు, కాగితాల నకళ్ల ఖర్చు సంస్థే భరిస్తుంది. ఆ లాయరు “ఖర్చులకి కొంచెం ఇవ్వండి” అంటే ఇవ్వకండి. జిల్లా సంస్థ కార్యదర్శికి కాగితం పెట్టండి. కార్యదర్శి కూడా జడ్జిగారే. లాయరు పట్టించుకోవడం లేదనిపిస్తే మార్చమని అడగొచ్చు. ఉచితం కదా, నోరెత్తకూడదు అనుకోవద్దు. ఇది దయ కాదు, రాజ్యాంగం 39ఏ అధికరణ నుంచి వచ్చిన హక్కు.

పథకాలు, ఉద్యోగం, పాస్‌పోర్టు

మీరు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: “కొడుకు మీద కేసు పడితే మా పెన్షన్, రేషను ఆగిపోతాయా?” చెవిన పడ్డ మాటకి భయపడి కేసు దాచిపెట్టకండి. కేసు పడటం వేరు, నేరం రుజువవడం వేరు. ఎవరైనా పథకం ఆపామని చెబితే, ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ కారణంతో ఆపారో రాసి ఇమ్మని అడగండి. ఆ కాగితం తీసుకుని ఇదే న్యాయ సేవల సంస్థకి రండి. దాని మీద కూడా ఉచిత లాయరే సాయం చేస్తాడు.

ఉద్యోగం దరఖాస్తులో కేసులు ఉన్నాయా అని అడిగితే అబద్ధం రాయొద్దు. చిన్న కేసు కంటే దాచిపెట్టడమే చాలాసార్లు ఉద్యోగం తీస్తుంది. ఏం రాయాలో లాయరుని అడిగి రాయండి. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు టికెట్టు కొన్నాక కాదు, ముందే చూసుకోండి.

ఇంటి సొంతదారులకి ఒక మాట. తెలిసి తెలిసి మీ ఇంట్లో, షెడ్డులో, ఆటోలో గంజాయి ఉంచనిస్తే 25వ సెక్షన్ కింద మీకూ అదే శిక్ష. తెలియకుండా జరిగితే అది వేరు, కానీ తెలిసిన రోజున ఊరుకోకండి.

చివరిగా

అమ్మా, అయ్యా, పిల్లాడు స్టేషన్లో ఉన్నాడని తెలిసిన రాత్రి సిగ్గుతో తలుపేసుకోవాలనిపిస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిపోతుందనిపిస్తుంది. ఆ సిగ్గు వల్లే బ్రోకరు బతుకుతాడు. చట్టం చిన్న కేసులో పిల్లాడికి తిరిగి నిలబడే దారులు ఉంచింది. బెయిలు ఉంది, వాదన ఉంది, చికిత్స ఉంది. ఆ తలుపులు తట్టడానికి ఒక లాయరు కావాలి, ఆ లాయరు ఉచితంగా దొరుకుతాడు. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్లండి.

ఫోన్లో దాచుకోవాల్సిన నంబర్లు:

– 15100: ఉచిత న్యాయ సహాయం
– 14446: మత్తు అలవాటు మాన్పించే జాతీయ సహాయ నంబరు. దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో చెబుతారు
– 1972: రాష్ట్ర ఈగల్ విభాగం. ఊళ్లో గంజాయి అమ్ముతున్నారని సమాచారం ఇవ్వడానికి

మొదటి రోజు గుర్తుపెట్టుకోవాల్సినవి:

– బ్రోకరుకి డబ్బు ఇవ్వొద్దు
– చదవకుండా సంతకం పెట్టొద్దు
– ఎంత బరువు, ఏ సెక్షన్ అన్నది కనుక్కోండి, ఎఫ్‌ఐఆర్ కాపీ అడగండి
– 18 లోపు అయితే వయసు కాగితం వెంటనే చూపండి
– మెజిస్ట్రేటు ముందు “లాయరు కావాలి” అని చెప్పండి
– లాయరుతో మాట్లాడకుండా నేరం ఒప్పుకోవద్దు
– అలవాటు ముదిరితే చికిత్స మొదలుపెట్టండి, కాగితాలు భద్రం చేయండి
– ఏ వాయిదాకీ గైర్హాజరు కావొద్దు

ఈ పీడీఎఫ్‌ని మీ సంఘం గ్రూపులో పెట్టండి. అవసరం పడకూడదనే కోరుకుందాం. పడితే మాత్రం చేతిలో ఉండాలి.